అవ్వ బొంత, మనుమరాలి సూది

వయస్సు నలువది దాటినవారికి చత్వారము వచ్చుట సహజము. దూరమున చెట్టుకొమ్మపై నున్న కాకి కనిపించును గాని చేతిలోని సూదిబెజ్జము కనిపింపదు. కావుననే మన పల్లెలలో ముసలమ్మ సూది చేతబట్టినంతనే ముందుగా పిలుచునది మనుమరాలినో, మనుమనినో. "బిడ్డా, జర దారం ఎక్కియ్యి" అని అవ్వ అడుగును. అయిదారేండ్ల పసిబిడ్డ దారపు కొసను నోట తడిపి, రెండు వ్రేళ్ళ నడుమ నులిమి, ఒక కన్ను మూసికొని బెజ్జములో దూర్చి యిచ్చును. ఆ యింటిలో ఆ బిడ్డకు దొరకిన మొదటి ఉద్యోగమది. జీతము లేకున్నను గౌరవము కలదు. ఏలయన, ఆ పని ఇంటిలోని పెద్దకు సాధ్యము కానిది, పిల్లకు సాధ్యమైనది.

బడిపంతుళ్ళు ఈ సంగతి నొకమారు మనస్సున బెట్టికొని తరువాత కథ చదువుదురు గాక.

బిజినేపల్లి నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోని మండలకేంద్రము. 2016వ సంవత్సరము అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడువరకు అది మహబూబ్‌నగరు జిల్లాలోనిది. ఇచ్చటినుండి ఒక బాట నాగర్‌కర్నూలునకు, వేరొక బాట వనపర్తికి పోవును. మండలములోని పాలెము గ్రామము వ్యవసాయ పరిశోధన కేంద్రము వలన పేరు గాంచినది. నంది వడ్డెమాను ప్రాచీన దేవాలయములకు నెలవు. వర్ధమానపురమను పేరుతో గోనవంశపు ప్రభువులకు ఒకప్పుడు రాజధాని. చరిత్రకారులు ఆ రాళ్ళను చదివినారు. ఆ చుట్టుప్రక్కల ఇండ్లలోని గుడ్డలను చదివినవారు మాత్రము తక్కువ.

ఈ సీమ ప్రధానముగా వర్షాధారము. వాన మొగము చాటుచేసిన ఏట పాలమూరు కూలీలు మూట గట్టుకొని దూరదేశములకు పోవుట తరతరముల ఆచారమైనది. గుంపుమేస్త్రీ చేతిలో బయానా పెట్టును. ఎక్కడనో ఆనకట్టకో, కాలువకో, మేడకో మన్ను మోయ వెళ్ళుదురు. చంకబిడ్డ తల్లితో పోవును. బడికి పోవు బిడ్డ అవ్వ దగ్గర మిగులును. 2006లో ఉపాధి హామీ పథకము ఈ జిల్లాలో మొదలయినది. మహాత్మాగాంధి కల్వకుర్తి ఎత్తిపోతల పథకము వలన కృష్ణాజలములు కొన్ని చేలకు చేరినవి. వలస మునుపటి వలె లేదు. అయినను పట్టణమునకు పనికి పోయిన తల్లిదండ్రులు, ఊరిలో మిగిలిన అవ్వా మనుమలు అను అమరిక చెరిగిపోలేదు. ఇద్దరే ఉన్న ఇంటిలో పగలు పొడవు, రాత్రి మరింత పొడవు. ఆ పొడవును కుట్టి కుదించునది బొంత.

బొంత యనగా నేమో పట్టణపు పిల్లలకు చెప్పవలసి వచ్చుచున్నది. కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలను, ధోవతులను పొరలు పొరలుగా పరచి, మొత్తము మీద ముతకదారముతో వరుసలుగా కుట్టిన పరుపు అది. చలికాలమున అదియే దుప్పటి. క్రొత్తగుడ్డ దీనికి పనికిరాదు. ఇంటిలోనివారు కట్టి, ఉతికి, ఎండవేసి గంజిపోయిన గుడ్డయే కావలెను. కావున ఒక బొంతను విప్పి చూచినచో ఒక కుటుంబపు పదియేండ్ల బట్టలు వరుసగా బయటపడును. పెండ్లిలో పెట్టిన చీర ఒక పొర, తాత తలపాగా ఒక పొర, పై పొర చిరిగినప్పుడు దానిమీద వేసిన మరొక చీర ఇంకొక పొర.

సంస్కృతమున దీనికి కంథ యని పేరు. వంగదేశపు స్త్రీలు నేటికిని 'కాంథా' అనియే యందురు; ప్రాతచీరల అంచులనుండి లాగిన రంగుదారములతో దానిపై తామరలను, ఏనుగులను కుట్టుదురు. మన పొరుగున కన్నడదేశములో ఇది కౌది, మహారాష్ట్రములో గోధడి. జపాను దేశపు పల్లెవారు నీలిగుడ్డల అతుకులతో కుట్టుకొన్న బట్టలను 'బోరో' అని నేడు వస్తుప్రదర్శనశాలలలో అద్దములలో పెట్టి చూపుచున్నారు. మనము మాత్రము చుట్టము వచ్చినప్పుడు బొంతను అటకమీదికి త్రోసివేయుచున్నాము!

వంగకవి జసీముద్దీను 1929లో ప్రకటించిన 'నక్షీ కాంథార్ మాఠ్' అను కథాకావ్యములో, భర్త దూరమైన పల్లెపడుచు తన బ్రతుకునంతయు బొంతమీద కుట్టుకొనును. మన అవ్వలు కథను బొమ్మగా కుట్టరు. వారి వరుసలు నిటారుగా నుండును, అంతే. కాని బొంబాయికో పూనాకో పోయిన తల్లి విడిచిన చీరతో కుట్టిన బొంత మీద నిదురించు బిడ్డకు వేరు బొమ్మ అక్కరలేదు. "మీ అమ్మ చీరే బిడ్డా ఇది, నెత్తి దిక్కు కొంగు పెట్టిన" అని అవ్వ చెప్పును. ఆ మాటతో బిడ్డ ఏ దిక్కున తలపెట్టవలెనో నేర్చుకొనును.

మొదటి కుట్టు

పసిపిల్లకు వెంటనే సూది ఇచ్చి బొంతమీద కూర్చుండబెట్టుట తెలివిగల పని కాదు. అవ్వలెవ్వరును అట్లు చేయరు. మన పల్లెలలో పిల్లకు అబ్బు మొదటి కుట్టు గుడ్డమీద కాదు, ఆకుమీద. మోదుగాకులను ఒకదాని అంచుపై నొకటి చేర్చి, సన్నని పుల్లతో గ్రుచ్చి, మిగిలిన పుల్లను త్రుంచి విస్తరి కుట్టుట ఎరిగినదే. పుల్ల క్రిందికి పోవలెను, మరల పైకి రావలెను, ఆకు చినుగరాదు, పుల్ల వేలిలో గ్రుచ్చుకొనరాదు. కుట్టుశాస్త్రమంతయు ఇందులోనే యున్నది. పది విస్తళ్ళు పాడుచేసినను పోయినది ఆకులే గదా! పదునొకండవది అన్నము పట్టును.

తరువాతది చుట్టకుదురు. గుడ్డపేలికలను త్రాడువలె పేని, వలయముగా చుట్టి, పైన మరొక పేలిక చుట్టుచు పోయి కొసను నాలుగు టాకాలతో బిగించినచో కుండ క్రిందకో, నెత్తిమీది బిందె క్రిందకో పనికివచ్చును. ఇది తప్పుగా కుట్టుటకు వీలులేనిది. వంకరగా వచ్చినను కుండ దానిమీద నిలుచును. నిలిచినది గనుక పిల్ల గర్వించును. మూడవది మసిగుడ్డ. రెండు పొరల ప్రాతగుడ్డను అంచులు లోనికి మడిచి చుట్టు కుట్టుట. దీనితో పిల్లకు మూలవద్ద తిరుగుట అబ్బును. ఇది తేలికయని తలచువారు ఒకమారు తామే ప్రయత్నింపవచ్చును.

సూది విషయమున అవ్వల కట్టుబాటు గట్టిది. సూది నేలపై పెట్టరాదు. పని ఆపినప్పుడు గుడ్డలోనో దారపుకండెలోనో గ్రుచ్చవలెను. "సూది కింద పెట్టకు కొడుకా, కాళ్లల్ల దిగుతది" అను మాట ప్రతి ఇంటిలో వినిపించునదే. పనికి కూర్చుండునప్పుడు ఎన్ని సూదులు తీసితిమో లేచునప్పుడు అన్నియు లెక్కకు రావలెను. పసివానికి మొనవాడి సన్నసూది కంటె బెజ్జము పెద్దదియు, మొన కొంత మొద్దుబారినదియు మేలు. దారము పిల్ల మూరెడు కంటె పొడవుండరాదు. పొడవైన దారము ముడిపడును, ముడిపడినచో పిల్లకు ఏడుపు వచ్చును, అవ్వకు కోపము వచ్చును. దర్జీలు వ్రేలికి తొడుగు అంగుస్తానా దొరికినచో మంచిదే. దొరకనిచో వ్రేలికి గుడ్డపేలిక చుట్టినను చాలును.

ఇంటికి మెరుగు

బొంత ఒక్కటే ఇల్లు కాదు. పాలమూరు మట్టిమిద్దె నెరిగినవారికి అది ఏటేట మనిషి చేయి కోరునని తెలియును. దూలములు, వాసములు, వానిపై పుల్లలు, ఆపైన మన్ను. వానలు రాకమునుపే మిద్దెమీద చౌడుమన్ను పరచి చదును చేయనిచో ఆషాఢమున ఇంటిలోపల గిన్నెలు పరచుకొనవలసివచ్చును. నేలకు పేడ అలుకు, గోడకు సున్నము, అరుగుకు ఎఱ్ఱమన్ను, దానిపై ముగ్గు. ఇవన్నియు పండుగ పేరిట జరుగు మరమ్మతులే. అవ్వ అలుకుచుండ పిల్ల తన చేతి వెడల్పు మేర గోడమూల అలికి, నాలుగు చుక్కలు పెట్టి ముగ్గు వేయును.

ఈ పనిని కవిత్వముగా వర్ణించుట నాకిష్టము లేదు. పేడనీళ్ళలో చేతులు పెట్టి నడుము వంచి ఇల్లంతయు అలుకుట ముసలి శరీరమునకు శిక్షయే. సిమెంటు గచ్చు వచ్చినందులకు ఏ అవ్వయు విచారించుట నేను వినలేదు. స్లాబు కురియనంత కాలము చౌడుమన్ను కొరకు కంటతడి పెట్టవలసిన పనిలేదు. కాని సిమెంటు ఇల్లు ఏమియు అడుగని ఇల్లు. దానిలో పిల్ల చేయి వేయుటకు చోటు తక్కువ. ఆ చోటు కుట్టుపనిలో నింకను మిగిలియున్నది. గోడలోని గూటికి అడ్డముగా చిన్న పరదా, తలగడకు గలీబు, గడపవద్ద కాళ్ళు తుడుచుకొను పట్ట, గుమ్మమునకు గుడ్డతోరణము. తోరణమునకు మూడుమూలల ముక్కలు చాలును. చీర అంచుముక్కలు మిగిలినచో అవి మరింత శోభ. లంబాడి తండాలలో పెద్దలు గుడ్డమీద అద్దములు, గవ్వలు కుట్టుట చూచిన పిల్లలకు ఈ పనిలో ఇంకొక మెట్టు కూడ కనిపించును. అద్దమును గుడ్డకు పట్టించుటకు రంధ్రము చేయరు. చుట్టు దారముతో గూడు అల్లి అందులో నిలుపుదురు. ఇది పది పండ్రెండేండ్ల పిల్లలకు తగిన పని.

గుడ్డను గుర్తించుట కూడ విద్యయే. కృష్ణకు ఆవలనున్న నడిగడ్డలోని గద్వాలచీరను చూడుడు. ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. ఈ రెంటిని సూదితో కాక మగ్గముమీదనే పోగుతో పోగు మెలిపెట్టి కలుపుదురు. ప్రాతచీర అంచువెంట కన్నులు మూసికొని వ్రేలు నడిపినచో నూలు ఎక్కడ ముగిసి పట్టు ఎక్కడ మొదలయినదో పిల్లకు తెలియును. ఇక నేడు ఇండ్లలో పేరుకొనుచున్నవి పాలిస్టరు చీరలు. వానితో బొంత కుట్టినచో అది జారును, చెమట పీల్చదు, ఎండకాలమున వేడి. ఏది నూలో, ఏది కాదో తేల్చుటకు పెద్దలు ఒక పోగును పటకారుతో పట్టి దీపపు మంటకు చూపవచ్చును. నూలు కాగితమువలె కాలి బూడిద యగును. పాలిస్టరు ముడుచుకొని కరగి నల్లని గట్టి పూస యగును. పిల్లలు దూరమునుండి చూడవలెను గాని తాము చేయరాదు. రసాయనశాస్త్రపు పాఠము వంటింటిలోనే యున్నదని చెప్పుటకు ఇంతకంటె తేలిక నిదర్శనము నాకు తోచలేదు.

అవ్వ లెక్క

నాలుగవ, అయిదవ తరగతుల పంతుళ్ళకొక లెక్క. సామాన్యపు చీర పొడవు సుమారు 18 అడుగులు, వెడల్పు 45 అంగుళములు. దానిని నాలుగు మడతలు వేసినచో నాలుగున్నర అడుగుల పొడవు, 45 అంగుళముల వెడల్పు గల పిల్లబొంత యగును. నడుమ మరి ఒకటి రెండు పొరల ప్రాతధోవతి పరవవచ్చును. వరుసకు వరుసకు నడుమ అంగుళమున్నర ఎడము ఉంచినచో వెడల్పున 30 వరుసలు. అంగుళమునకొక్క కుట్టు చొప్పున వరుసకు 54 కుట్లు; మొత్తము 1620 కుట్లు. అంగుళమునకొక కుట్టు గనుక దారపు పొడవును 1620 అంగుళములే, అనగా 45 గజములు. జంటపోగుగా వాడినచో 90 గజములు. అంచులకు, ముడులకు మరికొంత. దినమునకు రెండు వరుసలు కుట్టు పిల్లకు 15 దినములు పట్టును.

ఈ లెక్కను అవ్వ కాగితముమీద చేయదు. జానెడు, బెత్తెడు, వ్రేలెడు అను కొలతలతో చేసి, ఎంత దారము కొనవలెనో దుకాణమువానికి సరిగా చెప్పును. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి మహబూబ్‌నగరు జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతము. స్త్రీలలో అది సగమునకు కూడ చేరలేదు. కాగా బడిరికార్డులలో తల్లి, అవ్వల సంతకమునకు బదులు వేలిముద్ర ఉండుట ఈ సీమలో క్రొత్త సంగతి కాదు. ఆ నిశాని వేసిన బొటనవ్రేలే 1620 కుట్లకు సూదిని త్రోయునది. బడి ఆ వ్రేలిముద్రను మాత్రమే చూచినది. ఆ వ్రేలిని చూడలేదు. నష్టమెవరికి? అవ్వకు పెద్దగా లేదు, ఆమెకు బడి అక్కర తీరినది. నష్టము బిడ్డకు. బడిలో చదివినది విద్యయనియు, ఇంటిలో నేర్చినది మొరటుపని యనియు బిడ్డ తలచిన దినమున అవ్వ మాటకు ఆ ఇంటిలో విలువ తగ్గును. తల్లిదండ్రులు దూరముననుండగా ఆ విలువయే ఆ ఇంటికి దూలము.

విద్యావేత్తలకు ఈ సంగతి తెలియక పోలేదు. జర్మనీ దేశపు ఫ్రోబెల్ 1840లో తన శిశుపాఠశాలకు బాలోద్యానమను అర్థము గల పేరు పెట్టినాడు. ఆయన పద్ధతిలో పిల్లలు అట్టముక్కకు రంధ్రములు గ్రుచ్చి రంగుదారముతో కుట్టుట ఒక అభ్యాసము. 1939లో మద్రాసు అడయారునకు వచ్చిన మాంటిస్సోరి మహాశయ బొత్తాములు పెట్టుట, నాడలు ముడివేయుట నేర్పు చట్రములను పిల్లల చేతికిచ్చినది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన సభ చేతిపనిని చదువునకు మధ్యస్తంభముగా నిలుపవలెనన్నది. ఆ ప్రణాళికను వ్రాసిన సంఘమునకు అధ్యక్షుడు జాకీర్ హుసేన్, 1897లో మన హైదరాబాదులో పుట్టినవారే. 1964-66 నాటి కొఠారీ సంఘము దానినే కార్యానుభవ మన్నది. 2020 జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలకు పది దినములు పుస్తకసంచి లేని బడి ఉండవలెననియు, వారు స్థానిక వృత్తిపనివారి వద్ద కూర్చుండవలెననియు చెప్పినది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి పేర్లు అందు కలవు. అవ్వ పేరు లేదు. ఊరిలోని పంతులు పూనుకొన్నచో ఆ పదిదినములలో ఒకదినము నలుగురు అవ్వలను బడి వరండాలో బొంత పరపించి కూర్చుండబెట్టుటకు ఏ ఉత్తర్వు అడ్డము రాదు. బొంతకు నాలుగు వైపుల నలుగురు కూర్చుండవచ్చును; ఒక్కొక్క అవ్వ ప్రక్క ముగ్గురు పిల్లలు, దారమెక్కించుటకు.

ఒక్క హెచ్చరిక. చేతిపని పేరు చెప్పి ఆడపిల్లను బడి మాన్పించుట ఈ సీమకు కొత్త కాదు. తమ్ముని ఎత్తుకొనుటకు, పత్తి ఏరుటకు, ఇల్లు చూచుకొనుటకు బడి మానిన బిడ్డలను పంతుళ్ళు ఎరుగుదురు. కుట్టుపని సాయంకాలము అరగంట. అంతకు మించినచో అది చదువు కాదు, చాకిరి. రెండవది, మగపిల్లలను దీనినుండి తప్పించుట తెలివిమాలిన ఆచారము. మన ఊళ్ళలో కుట్టుమిషను త్రొక్కుచు కుట్టుపనియే వృత్తిగా బ్రతికిన మేరవారిలో పురుషులే ఎక్కువ గదా! అంగీ బొత్తాము ఊడినచో వసతిగృహములో చదువు పిల్లవానికి కుట్టిపెట్టు దిక్కెవరు?

బొంతకు తగిన కాలము వేసవి. ఏప్రిలు చివర బడి మూసినంతనే ప్రాతచీరలు ఉతికి, గంజి లేకుండ ఎండవేయవలెను. వసారాలో నీడ పడిన చోట పరచి, నాలుగు మూలలందు నాలుగు రాళ్ళు పెట్టి, ముడతలు పోవునట్లు అరచేతితో రాచి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు కదలకుండ చేయవలెను. తరువాత అంచులు మడిచి కుట్టి, వరుసలు మొదలుపెట్టవలెను. అవ్వ ఒక కొసనుండి, పిల్ల రెండవ కొసనుండి. పిల్ల వరుస వంకర పోవును, పోనిండు. దానిని విప్పి తిరిగి కుట్టు అవ్వలు కొందరు కలరు; అది తగదని నా అభిప్రాయము. ఆ వంకర వరుసయే మరి పదియేండ్లకు ఆ బిడ్డ వ్రేలితో తడిమి చూపునది. ముప్పది వరుసలు పూర్తియైన పిదప తొలుత వేసిన టాకాలను పిల్లచేతనే లాగించవలెను. సరసరమని ఊడివచ్చు ఆ దారమును పారవేయరాదు. కండెకు చుట్టి యుంచినచో, మిగిలిన అంచుముక్కతో జూనులో బడి తెరచునాటికి ఒక పుస్తకసంచి కుట్టుటకు సరిపోవును.